మైటర్ సాకి (చెక్కను కోణంలో కోసే కరెంటు రంపానికి) డిజిటల్ యాంగిల్ గేజ్ పెట్టే ముందు జాగ్రత్తలు

• ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, చెయ్యి బ్లేడు దగ్గరే ఉంటుంది.

• టేబుల్ మీద, గేజ్ అడుగున రంపపు పొట్టు తుడవండి. బ్యాటరీ చూసుకోండి.

• గేజ్‌ని చదునైన చోట పెట్టి రీడింగ్ చూడండి. అక్కడే 180 డిగ్రీలు తిప్పి మళ్ళీ చూడండి. అంకె అంతే ఉండి, వాలు మాత్రం అవతలి వైపు చూపాలి. అలా రాకపోతే మాన్యువల్ ప్రకారం క్యాలిబ్రేట్ చేయాల్సిందే. చాలామంది వదిలేసేది ఈ పనే.

• జీరో నొక్కాల్సింది సా టేబుల్ మీద, వర్క్‌బెంచ్ మీద కాదు. ఆ తర్వాత సాని కదపొద్దు.

• బ్లేడుకి అంటించేటప్పుడు పళ్ళ మీద ఆనకూడదు, చదునైన రేకు మీదే ఉండాలి.

• ఈ గేజ్ భూమ్యాకర్షణ ఆధారంగా వాలును కొలుస్తుంది. అంటే బెవెల్‌కే, అంటే బ్లేడు పక్కకి వాలే కోణానికే పనికొస్తుంది. టేబుల్ తిప్పే మైటర్ కోణానికి డిజిటల్ ప్రొట్రాక్టర్ కావాలి.

• అర డిగ్రీయే కదా అనుకోవద్దు. ఫోటో ఫ్రేముకి ఎనిమిది కోతలు; అన్నీ ఒకే వైపు తప్పితే చివరి మూలలో 4 డిగ్రీల సందు.

• మంచి చెక్క ముట్టుకునే ముందు పనికిరాని ముక్క కోసి చూడండి. గేజ్ తీశాకే ప్లగ్ పెట్టండి.