దసరా సేల్‌కు ముందు యూఆర్‌ఎల్ పారామీటర్లు సరిచూసుకోండి

సేల్ మొదలయ్యాక కోడ్ ముట్టుకోనివ్వరు. యూఆర్‌ఎల్ పారామీటర్ల (వెబ్ అడ్రస్‌లో పాత్‌లోనో, ? తర్వాత వచ్చే క్వెరీలోనో వెళ్లే విలువల) పని ఏదైనా ఉంటే ఈ వారమే తేల్చేయండి. సర్వర్ ఎక్స్‌ప్రెస్ (నోడ్ మీద నడిచే ఫ్రేమ్‌వర్క్) మీద, దాని ముందు ఎన్‌జినెక్స్ (రిక్వెస్ట్‌లు అందుకుని లోపలికి పంపే ప్రాక్సీ) ఉందనుకుని చెబుతున్నాం.

అన్నిటికంటే ముందు అడ్రస్ చూడండి. మన హైదరాబాద్ ఇంటి నంబర్లను మించిన టెస్ట్ డేటా దొరకదు. ‘8-3-231/ఎ/12’ని అలాగే పాత్‌లో పెడితే ఒక్క విలువ కాస్తా మూడు ముక్కలై, రూట్ కలవక 404 (పేజీ దొరకలేదు) వస్తుంది. ఎన్‌కోడ్ చేసి (స్లాష్‌ను %2Fగా మార్చి) పంపినా, ఎన్‌జినెక్స్ సెట్టింగ్‌లోని ప్రాక్సీ పాస్ లైన్‌లో పోర్ట్ తర్వాత పాత్ రాసి ఉంటే ఎన్‌జినెక్స్ దాన్ని విప్పేసి మామూలు స్లాష్‌గానే లోపలికి పంపుతుంది. ఇంటి నంబర్‌ను క్వెరీలోకి మార్చేయండి, గొడవ వదిలిపోతుంది. ‘ఫ్లాట్ #302’ది ఇంకో తంటా: # నుంచి చివరిదాకా ఉన్నది బ్రౌజర్ గడప దాటదు, సర్వర్ లాగ్‌లో ఎంత వెతికినా కనిపించదు. క్వెరీలో +91 పెడితే ప్లస్ ఖాళీగా మారిపోతుంది. జావాస్క్రిప్ట్‌లోని ఎన్‌కోడ్‌యూఆర్‌ఐ ఫంక్షన్ ఈ గుర్తులను ముట్టుకోదు. విలువలకు ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపొనెంట్ వాడాలి. ఫోన్ నంబర్, టోకెన్ లాంటివైతే యూఆర్‌ఎల్‌లో పెట్టనే వద్దు, యాక్సెస్ లాగ్‌లో అలాగే పడి ఉంటాయి.

తెలుగులో వెతికేవాళ్లూ ఉంటారు. ‘హైదరాబాద్’ అన్న ఒక్క మాట ఎన్‌కోడ్ అయ్యేసరికి 81 క్యారెక్టర్లు. ఎన్‌జినెక్స్ డిఫాల్ట్ బఫర్ 8 కేబీ; రిక్వెస్ట్ లైన్ అది దాటితే 414 (యూఆర్‌ఎల్ మరీ పొడవు). పది పదిహేను ఫిల్టర్లు తెలుగు పేర్లతో పేర్చే పేజీలకు ఐడీలు వాడండి.

క్వెరీలో వచ్చేది నంబర్ కాదు, స్ట్రింగ్. అదీ ఖాయం కాదు: వాట్సాప్‌లో తిరిగే ఆఫర్ లింక్‌కి ఎవరో ‘పేజ్’ రెండోసారి తగిలిస్తే అర్రే (విలువల జాబితా) వస్తుంది, దాని మీద స్ట్రింగ్‌కు పనికొచ్చే ట్రిమ్ పిలవగానే 500 (సర్వర్ ఎర్రర్). ‘పేజ్=’ అని ఖాళీగా వస్తే నంబర్ ఫంక్షన్ 0 ఇస్తుంది; పేజీకి 20 చొప్పున చూపేటప్పుడు ఒకటి తీసేసి 20తో గుణిస్తే ఆఫ్‌సెట్ (దాటేయాల్సిన వరుసల సంఖ్య) మైనస్ 20, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎర్రర్ కొడుతుంది. పార్స్‌ఇంట్‌ను నమ్ముకోకండి, ‘12ఏబీసీ’ని నిక్షేపంగా 12 అంటుంది. అంకెలు మాత్రమే ఉన్నాయా అని రెజెక్స్‌తో (అక్షరాల నమూనాతో) చూసి, లేకపోతే 400 (తప్పు రిక్వెస్ట్) పంపండి. లిమిట్‌కు (ఒకసారి ఇచ్చే వరుసల సంఖ్యకు) పైహద్దు సర్వర్‌లోనే పెట్టండి, 100 చాలు.

ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్ ప్రశ్నల భాషలో) విలువలకు ప్లేస్‌హోల్డర్లు (విలువను విడిగా పంపే ఖాళీ గుర్తులు) ఎలాగూ వాడతారు. సార్ట్ కాలమ్ పేరుకు అవి పనిచేయవు, అక్కడే చాలామంది స్ట్రింగ్ అతికించేస్తారు. అనుమతించిన పేర్ల జాబితాతో పోల్చి, అందులో ఉన్నదే వాడండి.

ఇవన్నీ స్టేజింగ్‌లో (లైవ్‌కు ముందు పరీక్షించే సర్వర్‌లో) కర్ల్ కమాండ్‌తో రిక్వెస్ట్‌లు కొట్టి చూడండి, ఎన్‌జినెక్స్ ద్వారానే. నేరుగా నోడ్ పోర్ట్‌కి కొడితే స్లాష్ తప్పు బయటపడదు.