విదేశీ యుద్ధం నుంచి సేనను వెనక్కి రప్పించే ముందు జాగ్రత్తలు

ఉండాలా, వచ్చేయాలా అన్న వాదన ఏళ్ల తరబడి సాగుతుంది. ఎలా రావాలన్నది ఆలోచించడానికి మాత్రం చివరికి నెలలే మిగులుతాయి. 2021లో ఏప్రిల్ 14న అమెరికా అఫ్గానిస్తాన్ నుంచి తుది ఉపసంహరణ ప్రకటించింది. ఆగస్టు 15కల్లా కాబూల్ తాలిబాన్ చేతికి వెళ్లింది.

ముందు నిర్ణయం సంగతి. ఇంకో ఏడాది ఉంటే ఏం మారుతుందో కాగితం మీద రాయించండి: ఏ జిల్లా, ఏ రహదారి, ఎవరి చేతిలోకి, ఏ నెలకి. ‘ఇంతమంది ప్రాణాలు వృథా కాకూడదు’ అన్నదొక్కటే జవాబుగా వస్తే అది యుద్ధ ప్రణాళిక కాదు. రెండు విషయాలు తప్పక చూడాలి. శత్రువుకు సరిహద్దు అవతల తలదాచుకునే చోటు ఉందా? ఉంటే, దాన్ని మూయించే దారి లేనంతకాలం బలగాలు పెంచినా ఫలితం నిలవదు. అఫ్గానిస్తాన్‌లో రష్యన్లకూ అమెరికన్లకూ పాకిస్తాన్ వైపు నుంచి ఎదురైన చిక్కు ఇదే. రెండోది, ఆ దేశ ప్రభుత్వానికి మీరు కావాలా? 1989లో శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస భారత శాంతి సేనను వెళ్లిపొమ్మనడమే కాదు, దానితో పోరాడుతున్న ఎల్టీటీఈకి ఆయన ప్రభుత్వం ఆయుధాలూ ఇచ్చింది. అక్కడితో ఉండాలా అన్న ప్రశ్న ముగిసినట్టే.

నిర్ణయానికీ ఆఖరి వాహనం సరిహద్దు దాటడానికీ మధ్య చాలా కాలం పడుతుంది. అఫ్గానిస్తాన్ నుంచి రెండేళ్లలోపు వచ్చేయాలని సోవియట్ నేత గోర్బచేవ్ 1986 నవంబరులో పొలిట్‌బ్యూరోలో అన్నారు. అక్కడి సోవియట్ సేనాధిపతి జనరల్ గ్రోమోవ్ సరిహద్దులోని తెర్మెజ్ వంతెన దాటింది 1989 ఫిబ్రవరి 15న.

గడువు ప్రకటించేటప్పుడు దానికి దశలు కట్టండి. సోవియట్ సేన వెనుదిరగడానికి కుదిరిన 1988 ఏప్రిల్ జెనీవా ఒప్పందంలో లెక్క స్పష్టం: మే 15న మొదలు, మూడు నెలల్లో సగం సేన, తొమ్మిది నెలల్లో మొత్తం. అమెరికా, తాలిబాన్ మధ్య 2020 ఫిబ్రవరి దోహా ఒప్పందం 14 నెలల గడువు పెట్టింది కానీ కాబూల్ ప్రభుత్వాన్ని చర్చల గదిలోకే రానివ్వలేదు. పైగా ఆ ప్రభుత్వం 5,000 మంది దాకా తాలిబాన్ ఖైదీలను వదలాల్సి వచ్చింది. నెల ఎంపిక కూడా ముఖ్యం. అఫ్గాన్ కొండల్లో పోరు వసంతంలో ఊపందుకుంటుంది. చలికాలంలో తిరిగొస్తే దారి కష్టం, కానీ స్థానిక సేనకు కుదురుకునే వ్యవధి దొరుకుతుంది. అమెరికన్లు సరిగ్గా వేసవిలో వెనక్కి వచ్చారు.

దారి విషయానికొస్తే, దూరపు పోస్టులు ముందు ఖాళీ చేయాలి, రహదారి వెంట ఉన్నవి చివర్న. కాన్వాయ్ కదిలేముందు మందుపాతరలు తీసే దళం వెళ్లాలి, ఇరువైపులా ఎత్తుల మీద పికెట్లు (కాపలా దళాలు) నిలవాలి, చెడిపోయిన బండిని లాగే వాహనం ప్రతి కాన్వాయ్‌లోనూ ఉండాలి. ఇరుకు దారిలో ఒక్క లారీ ఆగితే వెనకున్నదంతా గురిపెట్టడానికి దొరుకుతుంది. కాబూల్‌కు ఉత్తరాన ఉన్న సలాంగ్ కనుమలో రష్యన్లు అఫ్గాన్ ముజాహిదీన్ నాయకుడు మసూద్‌తో లోపాయికారీ అవగాహన కుదుర్చుకున్నారు. అలాంటిది కుదిరితే నిలబెట్టుకోండి. 1989 జనవరిలో పైనుంచి ఒత్తిడి రాగా ‘టైఫూన్’ పేరుతో అదే లోయపై బాంబులు కురిపించారు. పోయినవాళ్లలో ఊళ్ల జనం ఎందరో. సైనికంగా ఒరిగింది శూన్యం.

స్థావరం అప్పగింత పగలే జరగాలి. ఇద్దరు అధికారులు కలిసి లెక్క చూసుకుని సంతకాలు చేయాలి. తాళాలు, జనరేటర్లు, నీటి పంపులు నడిపించి చూపాలి. కనీసం మూడు నెలల తిండి, మందుగుండు లోపల ఉంచాలి. 2021 జులైలో కాబూల్ దగ్గరి బగ్రామ్ వైమానిక స్థావరాన్ని అమెరికన్లు రాత్రిపూట, కొత్త అఫ్గాన్ కమాండర్‌కు చెప్పకుండా వదిలేశారు. ఆయన మనుషులు చేరేలోపే దోపిడీదారులు చొరబడ్డారు. రెండు రన్‌వేలున్న ఆ స్థావరం పోవడంతో ఆగస్టులో జనాన్ని తరలించడానికి కాబూల్‌లోని ఒకే రన్‌వే దిక్కయింది. అందుకే విమానాశ్రయం అన్నిటికన్నా చివర్న వదలాలి.

స్థానిక సేన అసలు కూలిపోయేది మరమ్మతు దగ్గర, జీతాల దగ్గర. అఫ్గాన్ మెకానిక్‌లు రష్యన్ ఎంఐ-17 హెలికాప్టర్లను చాలావరకు సొంతంగా బాగుచేసుకోగలిగేవారు. వాటి బదులు అమెరికన్ బ్లాక్‌హాక్‌లు ఇచ్చి, వాటిని చూసే విదేశీ కాంట్రాక్టర్లను సేనతోపాటే తీసుకెళ్లారు. స్థానికులు బాగుచేసుకోలేని యంత్రాన్ని ఇవ్వకండి. ఇచ్చారంటే మెకానిక్‌ల జీతం, విడిభాగాల సరఫరా మీరు వెళ్లాక కూడా నడవాలి. సోవియట్ సేన వెళ్లాక మూడు నెలలు కూడా నిలవదనుకున్న, సోవియట్ అండ ఉన్న అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వం 1992 ఏప్రిల్ దాకా నిలిచింది. 1989లో ముజాహిదీన్ల జలాలాబాద్ ముట్టడినీ తట్టుకుంది. డబ్బు, ఇంధనం, ఆయుధాలు ఆగాకే అది పడింది. దక్షిణ వియత్నాంలోనూ అమెరికా కాంగ్రెస్ సాయం కోసేశాక 1975లో సైగాన్ పోయింది.

మీతో పనిచేసిన దుబాసీలు, డ్రైవర్లు, వారి కుటుంబాల వీసాల పని ఉపసంహరణ ప్రకటనకు ముందే మొదలుపెట్టండి. అమెరికాలో చట్టం తొమ్మిది నెలలన్నా ఒక్కో దరఖాస్తుకు ఏళ్లు పట్టింది. చివరికి జనం విమానాశ్రయం మీద పడ్డారు; ఆ తోపులాట మధ్యే 2021 ఆగస్టు 26న కాబూల్ విమానాశ్రయం గేటు దగ్గర బాంబు పేలింది. పేర్లున్న కాగితాలు ముందే తరలించాలి, లేదా కాల్చేయాలి. కాబూల్ బ్రిటన్ రాయబార కార్యాలయంలో అఫ్గాన్ ఉద్యోగుల వివరాలు అలాగే దొరికాయి.

ఆఖరి నెలల్లో హడావుడిగా కొత్త సేన తయారుచేయకండి. భారత శాంతి సేన తిరిగి వచ్చేముందు శ్రీలంక ఉత్తర-తూర్పు ప్రావిన్సులో పిల్లల్ని బలవంతంగా చేర్చి తమిళ జాతీయ సైన్యం నిలిపారు. ఒక్కో ప్రాంతం ఖాళీ అయ్యేకొద్దీ ఎల్టీటీఈ దాన్ని తుడిచిపెట్టింది. ఆఖరి దళం 1990 మార్చి 24న ట్రింకోమలీ వదిలింది. మన పక్షాన నిలిచిన తమిళ సంస్థ ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ వారు కుటుంబాలతో సముద్రం దాటి రాగా, కొందరికి ఒడిశాలోని మల్కన్‌గిరిలో చోటు చూడాల్సి వచ్చింది. ఆ చోటు ముందే చూసి ఉంచాలి.

ఖైదీల మాట సేన అక్కడ ఉండగానే తేల్చుకోండి. 1973 పారిస్ ఒప్పందంలో అమెరికా తన ఖైదీల విడుదలనూ సేన తగ్గింపునూ ఒకే షెడ్యూలులో ముడిపెట్టింది. 591 మంది ఇంటికి చేరారు. సోవియట్ వాళ్లకు అలాంటి ముడి లేదు. సేన వెళ్లిపోయాక తమవారి కోసం ఒక్కో ముఠాతో విడివిడిగా బేరమాడుకోవాల్సి వచ్చింది.