రాతప్రతి పంపే ముందు

ప్రచురణకర్త పేరుతో ఈమెయిల్ రాగానే సంబరంలో జవాబు రాసేయకుండా, ముందుగా పంపినవారి చిరునామాను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవండి. 2022 జనవరిలో న్యూయార్క్‌లో అరెస్టయిన ఒక వ్యక్తి, ఇంగ్లీషు ‘ఎమ్’ ఉండాల్సిన చోట చూడటానికి అలాగే కనిపించేలా ‘ఆర్’, ‘ఎన్’ అక్షరాలను పక్కపక్కన పెట్టడం వంటి మార్పులతో 160కి పైగా నకిలీ డొమైన్లు (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేర్లు) నమోదు చేసి, వెయ్యికి పైగా అముద్రిత రాతప్రతులను కాజేశాడు. కాబట్టి ఆ సంస్థ వెబ్‌సైట్‌ను మీరే వెతికి, అక్కడున్న నంబరుకు ఫోన్ చేసి, ఆ మెయిల్ నిజంగా వారిదేనా అని అడగండి.

సినిమా హక్కులు కొంటామంటూ ముందుగా స్క్రీన్‌ప్లే ఖర్చు కట్టమంటే అక్కడితో ఆపేయండి. హక్కులు కొనేవారే రచయితకు డబ్బివ్వాలి. ఇప్పటికే చెల్లించి ఉంటే, సిగ్గుపడకుండా (తప్పు మోసగాడిదే, మీది కాదు) వెంటనే బ్యాంకుకు, పోలీసులకు తెలియజేసి, ఆ మెయిళ్లను చెరిపేయకుండా భద్రపరచండి.