చిటికెన వేలి గోరంత కప్పను అడవిలో చూడటం ఎలా?

ముందు చెవులకు పని పెట్టండి, కళ్లకు తర్వాత. హిందూ మహాసముద్రంలోని దీవుల దేశం సీషెల్స్‌లో, మాహే, సిలుయెట్ దీవుల్లో రాలిన ఆకుల మధ్య బతికే గార్డినర్ కప్ప సుమారు 11 మిల్లీమీటర్లే ఉంటుంది, రంగు కూడా ఎండుటాకు రంగే, కాబట్టి నడుస్తూ వెతికితే దొరకదు.

బయల్దేరే ముందు బూట్లకున్న పాత మట్టిని కడిగి బాగా ఆరబెట్టండి. కైట్రిడ్ అనే ఫంగస్ చాలా దేశాల్లో కప్పల జాతులనే తుడిచిపెట్టింది, అది తడి మట్టితో పాటు ప్రయాణిస్తుంది. ఇది మాత్రం మానొద్దు.

మాహేలో అయితే మోర్న్ బ్లాన్ కొండదారి పట్టండి. టీ తోటల దగ్గర మొదలై పైకి వెళ్లేకొద్దీ పొగమంచు అడవి వస్తుంది. వాన వెలిసిన పూట చూసుకుని వెళ్లండి, నేల తడిగా ఉండాలి.

అడవిలోకి వెళ్లాక దారి పక్కనే ఒకచోట కూర్చుని పది, పదిహేను నిమిషాలు కదలకండి. సన్నగా, కీచుమని ఒక్క కూత వినిపిస్తుంది. ఏదో పురుగులే అని చాలామంది వదిలేస్తారు, అదే మన కప్ప! దీనికి కర్ణభేరి లేదు, మధ్య చెవీ లేదు, అయినా అడవిలో స్పీకర్లు పెట్టి కూత వినిపిస్తే మగకప్పలు బదులిచ్చాయి. నోట్లోని ఖాళీ ఆ శబ్దానికి కంపించి లోపలి చెవికి అందిస్తోందని 2013లో శాస్త్రవేత్తలు చెప్పారు. గోరంత ప్రాణిలో ఇంత ఏర్పాటా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీరు మాత్రం ఫోన్లో కూత పెట్టి పిలవకండి, ఇంకో మగకప్ప వచ్చిందనుకుని దానికి ఊరికే టెన్షన్.

కూత వచ్చిన వైపు నేలకు దగ్గరగా వంగి, ఒక అడుగు మేర జాగాని మాత్రమే చూస్తూ ఉండండి. ఏదైనా కదిలితే అదే. ఫ్లాష్ వద్దు, పట్టుకోవద్దు. మనకు దూరపు చుట్టమే అది: 2003లో శాస్త్రలోకం గుర్తించిన మన పడమటి కనుమల ఊదారంగు కప్పకు దగ్గరి బంధువులు ఈ సీషెల్స్ కప్పలే, ఒకప్పుడు ఆ దీవులూ మన దేశమూ ఒకే భూభాగం మరి.

ఆకులు తిరగేయకండి. ఈ కప్పకు నీళ్లలో ఈదే తోకకప్ప దశ లేదు, గుడ్లు తడి నేల మీదే ఉండి అందులోంచి నేరుగా బుల్లి కప్పలే బయటికి వస్తాయి, పైనున్న ఆకు తీసేస్తే ఆ గుడ్లు ఎండిపోతాయి.