జిల్లేడు పాలలోని విషం పురుగు ఒంట్లో ఎటు పోతుంది? దగ్గరుండి గమనించే పద్ధతి

పచ్చి జిల్లేడు ఆకును పశువులు సాధారణంగా ముట్టవు. అదే ఆకును నలుపు, తెలుపు, పసుపు పట్టీలున్న ఒక గొంగళిపురుగు అంచు నుంచి మొదలుపెట్టి మొత్తం తినేస్తుంది. ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుక పిల్ల అది. “దానికి విషం ఎక్కదు” అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటే అసలు సంగతి తెలియకుండానే పోతుంది. ఆ విషంలో కొంత పురుగు నోటి దాకా రాకుండానే ఆగిపోతుంది, కొంత పేగులో రూపు మారుతుంది, కొంత లద్దెతో బయటపడుతుంది, మిగిలినది ఒంట్లో చేరుతుంది. ఈ దారులను మొక్క దగ్గర, ఆ తరువాత గాజు సీసాలో, వీలైతే కళాశాల ప్రయోగశాలలో ఎలా వెంబడించాలో వివరిస్తాను.

ముందుగా జాగ్రత్త. జిల్లేడు పాలు కంట్లో పడితే కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) వాచి చూపు మసకబారుతుంది. నొప్పి అంతగా లేకపోవచ్చు కాబట్టి ప్రమాదం లేదనుకుని ఆలస్యం చేయకూడదు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ఆకు తుంచవద్దు. పాలు కంట్లో పడితే శుభ్రమైన నీటితో చాలాసేపు కడిగి, వెంటనే కంటి వైద్యుణ్ణి కలవండి. రథసప్తమికి ఆకులు కోసేవారికి కూడా నేను ఇదే చెబుతాను. ఈ పాలలో కాలోట్రోపిన్, కలాక్టిన్, ఉస్కారిన్, వొరుస్కారిన్ వంటి కార్డినోలైడులనే విషాలు ఉంటాయి. గుండె జబ్బుకు వాడే డిజాక్సిన్ అనే మందు కూడా ఈ కుటుంబానిదే. జంతు కణాల పొరలో సోడియంను బయటికీ పొటాషియంను లోపలికీ నడిపే పంపును ఇవి పట్టుకుని ఆపేస్తాయి.

వానల తరువాత చేల గట్ల మీదా, బంజరు నేలల్లోనూ ఉన్న జిల్లేడు మొక్కల లేత ఆకులను తిప్పి చూడండి. తెల్లని చిన్న గుడ్లు ఒక్కొక్కటిగా అతికి ఉంటాయి. వీపు మీద మూడు జతల నల్లని తీగల వంటి పోగులున్న పురుగు కనిపిస్తే అది ప్లెయిన్ టైగర్ పిల్లే. దాన్ని వెంటనే ఇంటికి తీసుకురాకండి, ఎందుకంటే మొదటి దారిని మొక్క మీదే చూడాలి. కోసిన ఆకులో పాల ఒత్తిడి అప్పటికే తగ్గిపోతుంది కాబట్టి, సీసాలో పెట్టిన పురుగు ఆ పాలను ఎదుర్కొనే నేర్పును మీకు చూపించదు. మొక్క మీద ఓపికగా కూర్చుంటే, ఎదిగిన పురుగు తినడానికి ముందు ఆకు నడిమి ఈనెనో తొడిమనో కొరికి పాలు కారిపోనివ్వడం, ఆ తరువాత కొరికిన చోటికి అవతలి భాగాన్ని తినడం కనిపిస్తుంది. అలా కొరికిన ఆకు కొసను కత్తెరతో కత్తిరించండి. పక్కనే ఉన్న మామూలు ఆకు కొసను కూడా కత్తిరించండి. రెండింటి నుంచీ కారే పాలను పోల్చి చూస్తే పురుగు ఎంత విషాన్ని నోటికి రాకుండా ఆపిందో కళ్ళకు కడుతుంది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ చిన్న పరీక్షే.

ఇప్పుడు రెండు మూడు పురుగులను వెడల్పు మూతి సీసాలోకి తీసుకుని, అడుగున తెల్ల కాగితం పరిచి, మూతికి పలచని గుడ్డ కట్టండి. పురుగుమందు తగలని మొక్కల నుంచి ప్రతిరోజూ తాజా ఆకు వేయండి. కాగితం మీద పడిన లద్దెను రోజూ ఏరి, నీడలో ఆరబెట్టి, తేదీ రాసిన పొట్లాల్లో దాచండి.

పేగులో జరిగేది కంటికి కనిపించదు కానీ, అది తెలియకపోతే లద్దెను దాచడంలో అర్థం ఉండదు. చాలా పురుగుల పేగులోనూ, కొవ్వు కణజాలంలోనూ ఉండే పి450 ఎంజైములు విషపు అణువుకు ఆక్సిజన్‌ను చేరుస్తాయి. మరికొన్ని ఎంజైములు దానికి చక్కెరనో గ్లూటాథయోన్ అనే చిన్న అణువునో తగిలించి నీటిలో కరిగేలా చేస్తాయి. అప్పుడు అది బయటికి పోవడం తేలిక. పలు రకాల పంటలు తినే పురుగులు ఎక్కువగా ఈ దారినే నమ్ముకుంటాయి. పత్తిని తినే శనగపచ్చ పురుగులో, పత్తి మొక్కలోని గాసిపాల్ అనే విషాన్ని తిన్నప్పుడు ఇటువంటి ఎంజైములు పెరుగుతాయి. వాటివల్ల డెల్టామెత్రిన్ అనే పురుగుమందును తట్టుకునే శక్తి కూడా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. పత్తి రైతుకు ఇది తప్పక తెలియవలసిన సంగతి.

జిల్లేడు పురుగు దారి కొంత వేరు. దీనికి దగ్గరి చుట్టమైన ఉత్తర అమెరికా మోనార్క్ సీతాకోకచిలుకలో, పైన చెప్పిన సోడియం-పొటాషియం పంపు ప్రొటీనే మారిపోయి ఉంటుంది: 111, 119, 122 స్థానాల్లోని అమైనో ఆమ్లాలు వేరు కావడం వల్ల కార్డినోలైడు దాన్ని గట్టిగా పట్టుకోలేదు. 2019లో ఈ మూడు మార్పులనూ పండ్ల ఈగల్లో ప్రవేశపెట్టినప్పుడు అవి కూడా ఆ విషాన్ని తట్టుకున్నాయి. అయినా మోనార్క్‌కు ఈ మేత ఉచితంగా దక్కదు. వొరుస్కారిన్ వంటి అణువులను తన పేగులో కాలోట్రోపిన్, కలాక్టిన్‌లుగా మార్చుకుని దాచుకుంటుంది గానీ, ఆ మార్పిడి భారం దాని ఎదుగుదల మీద పడుతుంది.

ప్రయోగశాల అందుబాటులో ఉంటే, అధ్యాపకుల పర్యవేక్షణలో ఎండిన ఆకును, లద్దెను, తనంతట తాను చనిపోయిన సీతాకోకచిలుకను విడివిడిగా మిథనాల్ అనే ద్రావకంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని పలుచని పొర క్రొమటోగ్రఫీ పలక (కలిసి ఉన్న పదార్థాలను వేర్వేరు మచ్చలుగా విడదీసేది) మీద నడిపి, కెడ్డే రసాయనం చల్లండి. కార్డినోలైడు ఉన్న చోట గులాబీ లేదా ఊదా మచ్చ తేలుతుంది. పరీక్షనాళికలో నేరుగా చేస్తే ఆకులోనూ లద్దెలోనూ ఉన్న పత్రహరితం రంగును కప్పేస్తుంది, అందుకే పలక వాడమంటున్నాను. ఆకులో ఉండి లద్దెలో కనిపించని మచ్చ ఒంట్లో చేరి ఉండవచ్చు, లేదా రూపు మారి ఉండవచ్చు; లద్దెలో కొత్తగా తేలిన మచ్చ పేగులో మారిన అణువుది కావచ్చు. సీతాకోకచిలుకలో మచ్చ రాకపోతే పరీక్ష తప్పిందని అనుకోకండి. ప్లెయిన్ టైగర్‌లో ఈ నిల్వ ఒక్కొక్క దానిలో ఒక్కో రకంగా ఉంటుంది, కొన్నిటిలో దాదాపు ఉండదు.

అదే మొక్క మీద పసుపు రంగు పేనుబంక ఉంటే దాన్ని కూడా ఇలాగే పరీక్షించవచ్చు. గన్నేరును పీల్చేది కూడా అదే, కార్డినోలైడులను ఒంట్లో దాచుకునేది కూడా అదే. నీలం, పసుపు చారల జిల్లేడు మిడతను మాత్రం ముఖానికి దగ్గరగా పెట్టుకోకండి, పట్టుకుంటే అది విషపు ద్రవాన్ని చిమ్మగలదు.

బంగారు చుక్కలున్న ప్యూపా నుంచి సీతాకోకచిలుక బయటికి వచ్చాక వెనుక రెక్కలను చూడండి. మిగతా నల్ల మచ్చలతో పాటు, నడుమ తెల్లగా ఉండే మరో మచ్చ కనిపిస్తే అది మగది. దాన్ని వదిలిపెట్టి, దగ్గరలో ఎండిన నాగదంతి (హీలియోట్రోపియం) కొమ్మనొకదాన్ని వేలాడదీయండి. వాడిన ఆకులను కాళ్ళతో గీరుతూ మగ సీతాకోకచిలుకలు అక్కడ గుమిగూడితే, అవి తీసుకుంటున్నది పిర్రోలిజిడిన్ ఆల్కలాయిడులనే వేరే విషం. ఆడదాన్ని ఆకర్షించే డానైడోన్ అనే వాసనను వాటి నుంచే తయారు చేసుకుంటాయి.