దగ్గూ జ్వరం వస్తే టెస్ట్ ఎవరికి కావాలి?

ఒడిశాలోని మా రాయగడ వైపు చలి మొదలైతే ఇంటింటా దగ్గే. అలాగని అందరూ ఫ్లూ, కొవిడ్ టెస్టులకు పరుగెత్తక్కర్లేదు. రిజల్ట్ తెలిస్తే చేసే వైద్యం మారుతుందా? నేను చూసేది అదొక్కటే. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడికి చాలావరకు మారదు. విశ్రాంతి, వేడి గంజి, నలుగురిలోకి వెళ్తే మాస్క్ చాలు.

ఇంట్లో 65 దాటిన నాన్నమ్మకో, గర్భిణికో, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లకో వస్తే మాత్రం మొదటి రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మా అత్తయ్యకి "ఉత్త జలుబే కదా" అని నాలుగు రోజులు ఆగాం, ఆ బాధ ఇంకా ఉంది. ఇంట్లో చేసే కొవిడ్ కిట్‌లో ఒకటే గీత (నెగెటివ్) వచ్చినా ధీమా వద్దు, 48 గంటల తర్వాత మళ్లీ చేయండి.

మన కొండ ఊళ్లలో వణుకుతో జ్వరం వస్తే ముందు మలేరియా పరీక్షే. ఆశా దీదీని పిలవండి. వేలి కొసన ఒక్క చుక్క రక్తం, అరగంటలోపే తేలిపోతుంది.

ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఆక్సీమీటర్ 94 కంటే తక్కువ చూపించినా టెస్ట్ సంగతి తర్వాత. వెంటనే 108కి ఫోన్ చేయండి.