లివరేజ్డ్, ఇన్వర్స్ ఫండ్లు: కొనేముందు కాగితం మీద వేయాల్సిన లెక్క

పలాస జీడిపప్పు వ్యాపారైనా, రాజాంలో రిటైరైన మాస్టారైనా ఫోన్‌లోనే నిఫ్టీ ఆప్షన్లు (సూచీ కదలికల మీద రాసే హక్కు ఒప్పందాలు) అమ్మొచ్చు. అమ్మినవారికి బ్రోకర్ దగ్గర కట్టిన మార్జిన్‌ను, అంటే పూచీ సొమ్మును, మించి నష్టం రావచ్చు. సొంత డబ్బుతో లివరేజ్డ్ ఫండ్ (సూచీ రోజువారీ కదలికకు రెండింతలో మూడింతలో ఇచ్చేది) కొన్నవారికి పోయేది పెట్టిన సొమ్ము వరకే. అయినా చిన్న మదుపరికి మన దేశంలో ఇలాంటి ఫండ్ లేదు. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లలో షార్ట్ పొజిషన్లకు, అంటే ధర పడితే లాభం వచ్చే పందేలకు, 25 శాతం దాకా వీలుంది గానీ కనీస పెట్టుబడి 10 లక్షలు. లెక్క తెలిసినవారికి ఈ తలుపు మూసి ఉంచడం సరికాదని మా అభిప్రాయం. ప్రస్తుతానికి దారి అమెరికా ఎక్స్ఛేంజీల మీదుగానే.

ముందు లెక్క. ఈ ఫండ్లు రెండింతలో మూడింతలో ఇస్తామనేది ఆ ఒక్కరోజు కదలికకే. మర్నాడు లెక్క మళ్లీ మొదటి నుంచి. సూచీ 100 నుంచి 90కి పడి, మర్నాడు 11.11 శాతం పెరిగి 100కి వచ్చిందనుకోండి. మూడింతల ఫండ్ 100 నుంచి 70కి పడి, 33.33 శాతం పెరిగి 93.33 దగ్గర ఆగుతుంది. సూచీకి ఎదురు దిశలో అంతే కదిలే ఒకింత ఇన్వర్స్ ఫండ్ 110కి వెళ్లి 97.78కి దిగుతుంది. సూచీ ఎక్కడిదక్కడే ఉన్నా రెండూ నష్టపోయాయి. అదే సూచీ వరుసగా రెండు రోజులు 5 శాతం చొప్పున పెరిగితే సూచీ లాభం 10.25, మూడింతల ఫండ్ లాభం 32.25 శాతం. అంటే ఒకే దిశలో సాగే మార్కెట్ కలిసొస్తుంది, ఊగిసలాడే మార్కెట్ అసలును తినేస్తుంది. 2022లో అమెరికా సూచీ నాస్‌డాక్-100 దాదాపు 33 శాతం పడితే, దాని మూడింతల ఫండ్ టీక్యూక్యూక్యూ 79 శాతం దాకా పడింది. అక్కడి నుంచి అసలు చేతికి రావాలంటే దాదాపు ఐదింతలు పెరగాలి.

దీన్ని మన సూచీ మీద పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. ఎన్‌ఎస్‌ఈ సంస్థ నిఫ్టీ50 రెండింతల లివరేజ్ సూచీని, ఒకింత ఇన్వర్స్ సూచీని లెక్కగట్టి ప్రకటిస్తుంది. ఒక ఏడాది రోజువారీ అంకెలు దింపుకుని మామూలు నిఫ్టీ పక్కన పెట్టి చూడండి. 2020 మార్చి 23న నిఫ్టీ దాదాపు 13 శాతం పడింది. ఆ వరుసలో రెండింతల గడి తప్పక చూడాలి.

ఎంత పెట్టాలన్నది నష్టం వైపు నుంచి తేల్చాలి. పోయినా ఇల్లు కదలని మొత్తం 20,000 అనుకుంటే, 80 శాతం పతనానికి సిద్ధపడి దాన్ని 0.8తో భాగించండి. 25,000 వస్తుంది. అంతకు మించి వద్దు.

డబ్బు పంపేది ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద, ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు. ఫారం ఏ2 (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు), పాన్ కావాలి. టెక్కలి, పాలకొండ వంటి చోట్ల ఉన్నవారు తమ బ్రాంచిలో విదేశీ బదిలీ చేస్తారో లేదో ముందే కనుక్కోవాలి, లేదంటే నెట్ బ్యాంకింగ్ చూసుకోవాలి. ఇలాంటి ఫండ్లు అమ్మని బ్రోకర్లూ ఉన్నారు కాబట్టి బదిలీకి ముందే అడగండి. మార్జిన్ కోసం డబ్బు పంపడానికి ఎల్‌ఆర్‌ఎస్ ఒప్పుకోదు, కనుక ఉన్న డబ్బుతోనే కొనే క్యాష్ ఖాతానే తీసుకోండి. ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు; అది రిటర్నులో సర్దుబాటవుతుంది. రానుపోను మార్పిడి ఖర్చు 2 శాతం అయితే, వారంలో 3 శాతం లాభం వచ్చినా మిగిలేది ఒక్క శాతమే. అందుకే డబ్బును ప్రతిసారీ వెనక్కి తెప్పించకండి.

అక్కడి మార్కెట్ వేసవిలో మనకు రాత్రి 7 గంటలకు, చలికాలంలో 8కి తెరుచుకుంటుంది. మొదటి పావుగంట కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా ఎక్కువగా ఉండొచ్చు. ఆగి, ధర మీరే ఖరారు చేసే లిమిట్ ఆర్డరే పెట్టండి. మార్కెట్ మూసి ఉన్నప్పుడు చెడ్డ వార్త వస్తే స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్) మీరు రాసిన ధరకు కాక ఇంకా కిందికి అమ్ముడవుతుంది. కొన్ననాడే అమ్మే తేదీ కూడా రాసిపెట్టుకోండి.

డాలర్ ఖాతా తెరిపిస్తామంటూ టెలిగ్రాంలో వచ్చే ఫారెక్స్ యాప్‌ల పేర్లు రిజర్వు బ్యాంకు అలర్ట్ లిస్టులో ఉన్నాయేమో చూడండి. లిస్టులో లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

24 నెలల లోపు అమ్మితే లాభం మీద మీ స్లాబు ప్రకారం పన్ను, ఆ పైన 12.5 శాతం. ఒక్క యూనిట్ ఉన్నా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. అందులో అడిగేది జనవరి నుంచి డిసెంబరు లెక్క, ఏప్రిల్-మార్చిది కాదు.